ఏడుపు సీన్లో నేను చూసేది గొంతుని

“సినిమాల్లో, సీరియళ్లలో మగ నటులు ఏడ్చే సన్నివేశాల్లో మిమ్మల్ని నిజంగా కదిలించినవి ఏవి? కొందరు ఏడిస్తే మాత్రం నవ్వెందుకొస్తుంది?” అని అడిగారు కదా. నేను చాలాకాలంగా ఎవరితోనైనా చెప్పాలనుకుంటున్న విషయం ఇది, కాబట్టి కాస్త పొడుగవుతుంది.

బొటబొటా కన్నీళ్లు కార్చిన ఏ హీరో కూడా నన్ను ఇంతవరకు ఏడిపించలేదు. ఏడిపించినవాళ్లంతా ఏడుపు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డవాళ్లే. కన్నీళ్లు రప్పించడం పెద్ద విద్యేం కాదు. గ్లిజరిన్ కంటికి మంట పెట్టి నీళ్లు తెప్పిస్తుంది, మెంథాల్ స్టిక్ కంటి కింద రాస్తే ఆ ఘాటుకే నీళ్లొస్తాయి. రెండూ కంటి పని వరకే చూస్తాయి. ఊపిరి సంగతి నటుడే చూసుకోవాలి, అక్కడే చాలామంది దొరికిపోతారు.

ఇది నేను సినిమాలు చూసి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక నాటక సమాజంలో తిరిగేవాణ్ని. గుంటూరు, తెనాలి వైపు పరిషత్తు నాటకాలంటే, అంటే పోటీల్లో వేసే నాటకాలంటే, ఎంత పట్టింపో ఆ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. మేం వేసిన ఒక నాటికలో రిటైరైన బడిపంతులు అప్పులు తీర్చడానికి ఇల్లు అమ్మేస్తాడు. ఆ వేషం మా సమాజంలో పెద్దాయనది. పగలంతా బ్యాంకులో క్యాషియరు, సాయంత్రమయ్యేసరికి రిహార్సల్లో ఉండేవాడు. ఇల్లు కొన్నవాడి వేషం నాది. చివర్లో ఆయన నాకు తాళంచెవి ఇవ్వాలి. స్క్రిప్టులో ‘కుమిలి కుమిలి ఏడుస్తాడు’ అని రాసి ఉంది. రిహార్సల్స్‌లో ఆయన ఒక్కసారి కూడా ఏడవలేదు. దర్శకుడికేమో టెన్షన్. అడిగితే “స్టేజీ మీద చూద్దాంలేవయ్యా” అనేవాడు.

పరిషత్తు రోజు ఆ సీను రానే వచ్చింది. జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఇంటి తాళంచెవి ఒక్కటీ విడదీసి ఇవ్వాలి కదా, ఆ స్టీలు రింగు తెరుచుకోవడం లేదు. గోరు పెట్టి లాగుతాడు, జారిపోతుంది, మళ్లీ గోరు పెడతాడు. డైలాగు లేదు, మ్యూజిక్ లేదు. నేను రెండడుగుల దూరంలో నిలబడ్డాను కాబట్టి అంతా కనబడుతోంది. మెడ మీద కంఠముడి పైకి వెళ్లి అక్కడే నిలిచిపోయింది, మింగలేకపోతున్నాడు, ముక్కుతో పీల్చిన గాలి బయటికి రావడం లేదు. చివరికి గుత్తి మొత్తం నా చేతిలో పెట్టి “నువ్వే తీసుకో నాయనా, నాకు రావట్లా” అన్నాడు. ఆ చివరి మాట దగ్గర గొంతు చిన్నపిల్లాడి గొంతులా పీలగా చీలిపోయింది. వెంటనే ఓసారి దగ్గి, కండువా సర్దుకుని, అటు తిరిగి నడిచి వెళ్లిపోయాడు. కళ్లలో ఒక్క చుక్క లేదు, ఎవరి మీదైనా ఒట్టేసి చెప్తాను. నాటకం అయ్యాక మేకప్ గదికి వచ్చినవాళ్లు మాత్రం ఆయన చేతులు పట్టుకుని “కన్నీళ్లు అట్లా ధారగా ఎలా తెప్పించారండీ” అని అడుగుతున్నారు. ముందు వరసలో కూర్చున్న ఒకాయనైతే బుగ్గల మీద జారడం తన కళ్లతో చూశానన్నాడు.

అప్పట్నుంచి నాది ఒకటే లెక్క. నటుడు ఊపిరి బిగబడితే చూసేవాడి ఊపిరి బిగుస్తుంది, మిగతాదంతా చూసేవాడే ఊహించుకుంటాడు.

“మన జనానికి మగాడు ఏడిస్తే నచ్చదు” అనేవాళ్లతో నాకు గొడవ. మనవాళ్లు తరాల తరబడి రాత్రంతా మేలుకుని చూసింది సత్యహరిశ్చంద్ర కాటిసీను కాదా? బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి జాషువా శ్మశానవాటి పద్యాలు కూడా తెచ్చి కలుపుకుని మరీ పాడించుకున్నారు. కొడుకు శవం, ఎదురుగా భార్య, కాటికాపరిగా నిలబడ్డ రాజు. డీవీ సుబ్బారావు లాంటివాళ్లు ఆ పద్యం అందుకుంటే వన్స్ మోర్‌లు పడేవి, చాపల మీద కూర్చున్న రైతులు తుండుగుడ్డతో మొహం తుడుచుకునేవాళ్లు, ఎవరూ నవ్వేవాళ్లు కాదు. పద్యం పాడాలంటే దమ్ము నిలవాలి, ఏడుపు వస్తే దమ్ము నిలవదు. ఈ రెండింటి మధ్య నటుడు నలుగుతుంటాడు చూడండి, కాటిసీను బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

సినిమాల్లోకి వస్తే, నాకు అందరికంటే ముందు సాగరసంగమం (1983). నాట్యోత్సవం ఆహ్వాన పత్రిక చేతికిస్తే కమల్‌హాసన్ ఒక్కో పేజీ తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు, తిప్పగా తిప్పగా తన ఫొటో కనబడుతుంది. అక్కడ దుఃఖమే లేదు, సంతోషం. నవ్వబోయి నవ్వలేక, ఏడవబోయి ఏడవలేక ఆ మొహం పడే అవస్థ ఉందే, అది ఏ గ్లిజరిన్ సీసాలోనూ దొరకదు. నాయకుడు (1987)లో కొడుకు శవం ముందు ఆయనే ఏడ్చిన ఏడుపు ఇంకో రకం. మొహం వికారంగా వంకర్లు పోతుంది, నోట్లోంచి వచ్చేది మాట కాదు, ఒక మూలుగు. మిమిక్రీ వాళ్లు దాన్ని ఎంత అరగదీసినా అసలు సీను మళ్లీ చూస్తే నాకు గుండె పట్టేస్తుంది.

ఈమధ్య వచ్చినవాటిలో జెర్సీ (2019). క్రికెట్ జట్టులో చోటు దొరికిందన్న సంతోషం నాని ఇంట్లో బయటపెట్టడు. రైల్వే స్టేషన్‌కి వెళ్లి, రైలు వచ్చేదాకా ఆగి, ఆ రొదలో గొంతు చించుకుని అరుస్తాడు. మన ఇళ్లలో మగవాళ్లు చేసేది అచ్చంగా ఇదే. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకునో, బండి మీద హెల్మెట్ లోపలో, పొలంలో మోటారు చప్పుడు దగ్గరో ఆ ఏడుపేదో కానిచ్చుకుని ఇంటికొచ్చి అన్నం పెట్టమంటారు. గౌతమ్ తిన్ననూరి ఆ సీను తీసినందుకు ఆయనకు దణ్ణం పెట్టొచ్చు.

డబ్బింగ్ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అది బాధ. తమిళం నుంచి వచ్చిన ఎన్నో సినిమాల్లో కమల్‌కి తెలుగు గొంతు గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారిది. రాజశేఖర్, సుమన్ వెనకాల ఏళ్ల తరబడి ఉన్నది సాయికుమార్. అంటే కళ్లు ఒకరివి, వెక్కిళ్లు ఇంకొకరివి. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెర మీద పెదాలు చూసుకుంటూ, ఇంకొకడి దుఃఖానికి సరిపడా ఊపిరి తీసి వదలడం ఎంత కష్టమో ఒకసారి ఊహించండి. మనం ఆ హీరోలను మెచ్చుకున్నప్పుడల్లా సగం మెప్పు ఆ గొంతులకు చెందాలి.

ఇక నవ్వెందుకొస్తుందన్న సంగతి. ఏడుస్తూ కూడా అందంగా కనబడాలని చూసేవాణ్ని జనం ఇట్టే పసిగడతారు. జుట్టు చెదరదు, ముక్కు కారదు, ఒక కంట్లోంచి ఒక్క చుక్క సరిగ్గా లైటు పడే చోట జారుతుంది. నిజంగా ఏడ్చినవాడికి కన్నుతో పాటు ముక్కూ కారుతుందండీ. దానికి తోడు స్లో మోషన్, వెనకాల కోరస్. మనల్ని ఏడవమని మ్యూజిక్ డైరెక్టర్ ఆర్డర్ వేస్తున్నట్టుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఇంకో దరిద్రం, మన కమర్షియల్ సినిమాల్లో హీరో కన్నీరు ఫైటుకి అడ్వాన్సు. తమ్ముడు పోయాడని ఏడుస్తాడు, చుక్క నేలన పడేలోపు పిడికిలి బిగుస్తుంది, వెంటనే సుమోలు లేస్తాయి. ఆ మనిషిని కాసేపు ఏడవనిస్తే మీ సొమ్మేం పోతుందయ్యా అని హాల్లో కూర్చుని నాకు కోపం వస్తుంది. ఆ దుఃఖం పగగా మారితేనే మగతనం, దుఃఖంగానే మిగిలితే నామోషీ అన్నట్టు తీస్తున్నారు. అది తప్పు, పిల్లలు చూస్తున్నారు.

సీరియళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అక్కడ ఏడుపంతా ఆడవాళ్లకే అప్పగించారు. మగ పాత్రకు ఎప్పుడైనా వాటా వచ్చినా అదే మొహాన్ని మూడుసార్లు జూమ్ చేసి, మూడుసార్లు ఢాం అనిపిస్తారు. పాపం ఆ కుర్రాళ్లలో మంచి నటులున్నారు. రోజుకో ఎపిసోడ్ లెక్కన తీస్తుంటే ఊపిరి సర్దుకునే టైమ్ ఎక్కడ దొరుకుతుంది వాళ్లకి?

సూటిగా చెప్పమంటే సాగరసంగమం, నాయకుడు, జెర్సీ, ఇదే వరసలో. నా మాట మీద నమ్మకం లేకపోతే ఓ పని చేయండి. ఏ ఏడుపు సీనైనా పెట్టుకుని ఫోన్ బోర్లించి, ఊరికే వినండి. మంచి నటుడైతే మాటకీ మాటకీ మధ్య గాలి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది, లేకపోతే వయొలిన్లు తప్ప ఏమీ వినబడవు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి మరి, ఫోన్ స్పీకర్లో ఆ ఊపిరి సరిగ్గా అందదు.