బస్సెక్కాలంటే భయం: ఒక్కో సైకాలజిస్టు ఒక్కోలా ఎందుకు చెబుతారు?

బస్సెక్కాలంటేనే గుండెదడ, కౌన్సెలింగ్‌కి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కోలా మాట్లాడుతున్నారేంటని విజయనగరం నుంచి అడిగారు. భయం ఎక్కడ పుడుతుందన్న దానిమీదే వాళ్లలో వాళ్లకు పడదు మరి. సైకో అనాలిసిస్ (మనోవిశ్లేషణ) మొదలుపెట్టిన ఫ్రాయిడ్ దారిలో వెళ్లేవాళ్లు చిన్ననాటి సంగతులు, మనకే తెలియకుండా లోపల అణిచేసుకున్నవి తవ్వుతారు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మనిషి ప్రవర్తననే పట్టించుకునే బిహేవియరిస్టులకు ఆ తవ్వకాలతో పనిలేదు, భయం నేర్చుకున్నదే కాబట్టి మాన్పించొచ్చంటారు: ముందు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఊరికే నిలబడి బస్సులు చూడమంటారు, కొన్నాళ్లకి ఆగి ఉన్న బస్సులో కూర్చోమంటారు, టెన్షన్ తగ్గాక నెల్లిమర్ల దాకా వెళ్లి రమ్మంటారు, విశాఖ సంగతి ఆ తర్వాతే. 1960ల్లో అమెరికా డాక్టర్ ఆరన్ బెక్ తెచ్చిన, ఆలోచనలను సరిచేసే కాగ్నిటివ్ థెరపీ "బస్సులో ఊపిరాడక పడిపోతాను" అన్న ఆలోచననే పట్టుకుని, ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిపోయారని అడుగుతుంది. బిహేవియరిస్టుల పద్ధతీ, ఇదీ కలిసిందే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). ఇలాంటి భయాలకు నా ఓటు దానికే, పరిశోధనల బలమూ దానికి బాగా ఉంది. అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ మానవతావాద పద్ధతిలో సలహాలు ఇవ్వరు, తప్పుపట్టకుండా వింటారు (సలహా చెప్పకపోతే ఫీజెందుకంటారు మనవాళ్లు!). మందులు కావాలంటే సైకియాట్రిస్టు (మానసిక వైద్యులు) దగ్గరికే, సైకాలజిస్టు రాయరు. ఎక్కడికెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.