చలికాలం వస్తే మంచం దిగలేకపోతున్నా.. ఇది బద్ధకమేనా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 28. మాది ఖమ్మం దగ్గర పల్లె. చదువుకోవడానికి కెనడాలోని ఎడ్మంటన్ వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఇది నా మూడో చలికాలం. నవంబరు వచ్చిందంటే రోజుకు పది, పదకొండు గంటలు పడుకున్నా నిద్ర చాలదు. అన్నం, స్వీట్లు కంటబడితే ఆగలేను. పోయినేడు ఇలాగే 6 కిలోలు పెరిగి, ఏప్రిల్ కల్లా మామూలు మనిషినయ్యాను. సింకులో గిన్నెలు మూడేసి రోజులు అలాగే ఉంటున్నాయి. నాన్న మిర్చి రైతు. అప్పు చేసి నన్ను పంపారు. ఆయనకు ఫోన్ చేయాలంటే సిగ్గేస్తోంది. నా రూమ్మేట్ ఇదే చలిలో హాయిగా ఉంది. తనకు ఫ్లూ వస్తే వారం రోజులు జావ కాచి ఇచ్చిన నేను, ఇప్పుడు నాకోసం టీ కూడా పెట్టుకోలేకపోతున్నా. ఒక్కోరోజు నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తోంది. ఇది జబ్బా, బద్ధకమా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరాన్ని చివరి నుంచి అందుకుంటాను. ‘నిద్రలోనే పోతే బాగుండు’ అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఈ రాత్రే ఆ మాట మీ రూమ్మేట్‌కు చెప్పండి. ఆ ఆలోచన మళ్లీ మళ్లీ వస్తున్నా, ఎలా చనిపోవాలన్న దాకా వెళ్తున్నా ఈ జవాబు పూర్తిగా చదివే దాకా కూడా ఆగొద్దు. కెనడాలో 988 నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. (ఇదే బాధలో ఉన్న పాఠకులు మన దేశంలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.)

ఇక మీ ప్రశ్న. బద్ధకమైతే ఏటా నవంబరులో వచ్చి ఏప్రిల్‌లో పోదు. మీరు చెప్పినవన్నీ ‘సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్’ లక్షణాల్లాగే ఉన్నాయి. ఇది డిప్రెషన్‌లో ఒక రకం. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర పట్టదు, అన్నం సయించదు. ఇందులో తరచూ దానికి తలకిందులుగా ఉంటుంది: నిద్ర ముంచుకొస్తుంది, పిండిపదార్థాల మీదికి, తీపి మీదికి మనసు పోతుంది. 1984లో దీన్ని వివరించి పేరు పెట్టిన బృందంలో ముఖ్యుడు నార్మన్ రోసెంతాల్. దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వెళ్లిన ఈ డాక్టర్, చలికాలంలో తన ఓపికే సన్నగిల్లడం గమనించారు. ఎండ కాసే నేల నుంచి వెళ్లినవాళ్లకు ఈ కష్టం ఎలాంటిదో ఆయనకు సొంతంగా తెలుసు.

మన కంటి రెటీనాలో చూపు కోసం కాక, వెలుతురు ఎంత ఉందో మెదడుకు చెప్పడానికే పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయి. పొద్దున్నే వెలుగు పడితే అవి మెదడులోని గడియారాన్ని సరిచేస్తాయి, నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. ‘పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదు’ అని మనవాళ్లు అన్నది సుమారు 11 గంటల పగటిని చూసి. మీ ఎడ్మంటన్‌లో డిసెంబరు పగలు ఏడున్నర గంటలే. దాన్ని మీ రూమ్మేట్ ఒళ్లు తట్టుకుంటోంది, మీది తట్టుకోవడం లేదు. ఒకే వానలో తడిసినా జలుబు అందరికీ చేయదు కదా!

అయితే ఉత్తరం చూసి జబ్బును ఖాయం చేయకూడదు. ఈ వారంలోనే ఫ్యామిలీ డాక్టర్‌ను కలిసి థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. మీరు శాకాహారి అయితే బి12 తప్పనిసరి. విటమిన్ డి మాత్ర లోపాన్ని సరిచేస్తుంది, అదొక్కటే ఈ దిగులును తీసేస్తుందని మాత్రం అనుకోవద్దు.

వైద్యంలో మొదట చెప్పుకోవాల్సింది లైట్ థెరపీ దీపం. 10,000 లక్సుల వెలుగు ఇచ్చేది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది కావాలి. నిద్ర లేచిన గంటలోపు అరగంటసేపు దాని ముందు కూర్చోండి. దీపాన్ని నేరుగా చూడనక్కర్లేదు, కళ్లు తెరిచి టిఫిన్ తింటూ ఉన్నా చాలు. ఎంత దూరంలో పెట్టాలో డబ్బా మీదే ఉంటుంది. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. కంటి జబ్బు ఉన్నా, ఎప్పుడైనా పట్టలేనంత హుషారుతో నిద్రే లేకుండా గడిపిన రోజులున్నా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. మధ్యాహ్నం విరామంలో ఒళ్లంతా కప్పుకుని పావుగంట బయట నడవండి. మబ్బు పట్టినా బయటి వెలుగు గది దీపాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా మంచు దాన్ని ఇంకా పెంచుతుంది. అవసరమైతే మందులున్నాయి. అవి మొదలుపెట్టడం ఓడిపోవడం కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం మీరు మిమ్మల్ని తిట్టుకుంటున్న తీరు. వెర్మాంట్ యూనివర్సిటీలో 177 మంది మీద చేసిన పరిశోధనలో కొందరికి లైట్ థెరపీ ఇచ్చారు, మిగిలినవాళ్లకు ఆలోచనల తీరు మార్చుకునే కౌన్సెలింగ్, అదే సీబీటీ, ఇచ్చారు. ఆ చలికాలానికి రెండూ సమానంగానే పనిచేశాయి. కానీ రెండో ఏటి చలికాలంలో జబ్బు తిరగబెట్టింది దీపం వాడినవాళ్లలో 46 శాతం మందికి, కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికి. ‘నేను పనికిరాను’ అన్న మాట ఒంటికీ తగులుతుంది, అందుకే కౌన్సెలర్‌ను కూడా కలవమంటున్నాను.

ఫ్లూతో పడుకున్న రూమ్మేట్‌ను ‘లేచి గిన్నెలు కడుగు’ అని మీరు అనలేదు. జావ కాచారు. ఆ చేయి మీ వైపు కూడా చాపండి. ఓపిక లేని రోజు పెరుగన్నం చాలు, ఒక్క గిన్నె కడిగితే చాలు. పడుకునే ముందు ఆ రోజు చేయగలిగిన ఒక్క పని కాగితం మీద రాయండి, స్నానం చేశానన్నదైనా సరే.

మనసు ఒక్కరోజులో తేరుకోదు. దీపంతో తేడా తెలియడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. సంక్రాంతి నాటికి మీ ఎడ్మంటన్‌లో పగలు అరగంటకు పైగానే పెరిగి ఉంటుంది.

నాన్నకు ఫోన్ చేయండి. ‘ఇక్కడ పొద్దు చాలక ఒంట్లో బాగుండట్లేదు నాన్నా, డాక్టర్‌కు చూపించుకుంటున్నా’ అని చెప్పండి. కల్లంలో ఆరబోసిన మిర్చికి నాలుగు రోజులు ఎండ తగలకపోతే ఏమవుతుందో ఆయనకు మీరు చెప్పక్కర్లేదు.