అంతరిక్షంలో పరిశోధన చేయాలనుకునే మేనకోడలికి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ తరువాత ఏ కోర్సులో చేరితే అంతరిక్షానికి వెళ్లవచ్చునని అడిగావు. ముందుగా అక్కడ మాత్రమే తేలగల ప్రశ్న ఒకటి వెతుక్కోమని నా సలహా.

జీవరసాయన శాస్త్రవేత్త పెగ్గీ విట్సన్ నాసాలో పరిశోధన సాగిస్తూనే ఏళ్ల తరబడి దరఖాస్తు చేసి, 1996లో వ్యోమగామిగా ఎంపికయ్యారు. భారరహిత స్థితిలో ఎముకల నుంచి కాల్షియం తరిగి మూత్రంలో చేరడం వల్ల మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. దానిని పొటాషియం సిట్రేట్ అనే మందు తగ్గిస్తుందా అని పరీక్షించే తన సొంత ప్రయోగంతోనే ఆమె 2002లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు.

మశూచి వంటి వైరస్‌లపై పనిచేసిన వ్యోమగామి కేట్ రూబిన్స్ 2016 ఆగస్టులో అంతరిక్షంలో తొలిసారిగా డీఎన్ఏ క్రమాన్ని చదివారు. అక్కడ ద్రవంలోని గాలి బుడగలు పైకి తేలవు గనుక, డీఎన్ఏ చదివే, అరచేతిలో ఇమిడే ఆ చిన్న పరికరం సరిగా పనిచేస్తుందా అన్న సందేహం ఉండేది. అవే నమూనాలను భూమి మీద కూడా చదివి పోల్చబట్టే ఫలితానికి విలువ వచ్చింది. నువ్వు అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకోవలసినది ఈ కంట్రోల్ గురించే, అంటే పోల్చి చూడటానికి పక్కన పెట్టే జత ప్రయోగం గురించే; అది లేని ప్రయోగాన్ని ఎంత ఎత్తున చేసినా నేను లెక్కలోకి తీసుకోను.

మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఈసీఐఎల్ దగ్గరి టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి 2005లో ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలిని సేకరించగా, ఆ నమూనాలను పరీక్షించిన ప్రయోగశాలల్లో మన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ఒకటి. అందులో 3 కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించినప్పుడు, అవి భూమికి వెలుపలివని దీనివల్ల రుజువు కాలేదని కూడా స్పష్టంగా చెప్పింది. ఆ సంయమనం నీకూ అలవడాలి.

ఎగరగలిగేవారు కొందరే. 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో పెసలు, మెంతులు మొలకెత్తించిన ప్రయోగాన్ని రూపొందించినది ధార్వాడ్‌లోని శాస్త్రవేత్తలు; వారు చేసినదీ అంతరిక్ష పరిశోధనే. అందువల్ల ముందు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకో. పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునే ముందు నీ ప్రశ్ననూ, దానికి పెట్టదలచిన కంట్రోల్‌నూ ఒక్క పేజీలో రాసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య