పోయిన ఫౌంటెన్‌ని ఎలా వెతకాలి

చి. అమ్మలూ,

నీ ఉత్తరం చూశాను. ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్‌లో ఆ పాత ఎస్టేట్ తోటలో మాయమైన ఫౌంటెన్ జాడ తీసే పని నీకప్పగించారంటే నాకు భలే ముచ్చటేసింది. తవ్వకాల్లో ముప్పై ఏళ్లు దుమ్ము తిన్నవాడిగా నాలుగు మాటలు రాస్తున్నా.

ముందు ఫౌంటెన్ సంగతి పక్కన పెట్టి, నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవో చూడు. తోటకన్నా ఎత్తులో ఎక్కడో చెరువో తొట్టో ఉండి తీరాలి. మీకు మరీ దూరం కాని చాట్స్‌వర్త్ అనే పెద్ద భవనం తోటలో 1844లో అక్కడి తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ ఎంపరర్ ఫౌంటెన్ కోసం కొండమీద ఎనిమిదెకరాల చెరువు తవ్వించాడు. అది భవనానికి 350 అడుగుల ఎత్తున ఉంది, నీరు 296 అడుగులు లేచింది. చెరువు దొరికితే అక్కణ్ణుంచి పల్లానికి నడువు. సీసపు గొట్టాలు ఎవరో ఎప్పుడో అమ్ముకునే ఉంటారు, కానీ అవి పరిచిన గాడి మట్టిలో మిగులుతుంది. తొట్టి అడుగున నీరు ఇంకకుండా మెత్తిన బంకమట్టి కూడా అంతే. వేళ్ల మధ్య నలిపి చూడు, చపాతీ ముద్దలా సాగుతుంది. చుట్టుపక్కల మట్టి అలా సాగదు.

తోటని గీసిన పాత చిత్రాల్ని మాత్రం గుడ్డిగా నమ్మకు. ఒక పాత పటం పట్టుకుని నేను పదకొండు రోజులు తప్పుచోట తవ్వించాను. చిత్రకారుడు అందం కోసం తొట్టిని పక్కకి జరిపాడట! మేస్త్రీ ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

రాతలు కాస్త నయం. కెనిల్‌వర్త్ కోట మీకు దగ్గరే, తప్పకుండా చూసి రా. 1575లో ఎలిజబెత్ రాణి అక్కడికొచ్చి 19 రోజులున్నప్పుడు, ఆమె వేటకెళ్లిన వేళ తోటమాలి లాంగమ్ అనే ఆయన్ని లోపలికి రానిచ్చాడు. ఎనిమిది పలకల తొట్టి, వీపులానించి నిలబడి గోళం మోస్తున్న రెండు బొమ్మలు, కుళాయి తిప్పితే చూసేవాళ్లని నిలువునా తడిపే చిలిపి ఏర్పాటు, అన్నీ ఆయన ఉత్తరంలో రాశాడు. నాలుగు శతాబ్దాల తర్వాత తవ్వితే నిజంగానే ఎనిమిది పలకల పునాది బయటపడింది. 2009లో ఫౌంటెన్‌ని తిరిగి కట్టి తోట తెరిచారు.

అనుమతి కాగితం చేతికొచ్చేదాకా పార పట్టకు, టెన్షన్ పడి తొందరపడకు. ఎండలు ముదిరితే పొద్దున్నే డ్రోన్ ఎగరేయించు. కింద రాయి ఉన్నచోట గడ్డి ముందే పసుపెక్కుతుంది. 2018 ఎండలకి చాట్స్‌వర్త్‌లోనే 1699 నాటి పూలతోట గీతలు అలాగే తేలాయి.

జూలైలో మీకు వానలు లేకపోతే ఫోటోలు పంపు. కళ్లజోడు మార్చాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

మీ పెద్ద మామయ్య