హెల్ప్ పేజీ తెరిచేది ఎవరు?

సాఫ్ట్‌వేర్ యూజర్ గైడ్లు, హెల్ప్ పేజీల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు సీనియర్ టెక్నికల్ రైటర్, సదస్సుల వక్త ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: మా టీమ్‌లో టెక్నికల్ రైటర్‌ని నేనొక్కదాన్నే. ‘హెల్ప్ ఎవరు చదువుతారండీ’ అని డెవలపర్లు నవ్వుతుంటారు. ఎవరూ చదవనిదానికి ఇంత కష్టపడాలా మేడమ్?

జవాబు: వాళ్లన్నదాంట్లో సగం నిజముంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎవరూ చదవరు. నేనూ చదవను. కొత్త ప్రింటర్ వస్తే ముందు ప్లగ్ పెట్టేస్తాను, అది మొరాయిస్తే అప్పుడు దానితో వచ్చిన పుస్తకం ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాను.

ఐబీఎంలో పరిశోధకుడిగా పనిచేసిన జాన్ క్యారల్, 1980లలో వర్డ్ ప్రాసెసర్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లను తన బృందంతో కలిసి దగ్గర నుంచి గమనించారు. వాళ్లు పేజీలు దాటేసేవారు, ఏదో ఒకటి నొక్కి చూసేవారు, తప్పు జరిగాక ఎక్కడున్నారో తెలియక తికమకపడేవారు. జనం తీరు మార్చడం మానేసి ఆ బృందం మాన్యువల్‌నే మార్చింది. ముందుమాటలు, సమీక్షలు కోసేసి నేరుగా పనితో మొదలుపెట్టింది. తప్పు జరిగితే ఎలా గుర్తుపట్టాలో, ఎలా బయటపడాలో అక్కడికక్కడే చెప్పింది. ఆ పలుచటి మాన్యువల్‌తో నేర్చుకున్నవాళ్లు లావుపాటి మాన్యువల్ చదివినవాళ్లకంటే త్వరగా పని అందుకున్నారు. మన రంగంలో మినిమలిజం అనేది దీన్నే. అయితే చాలామంది మినిమలిజం పేరు చెప్పి ముందు కోసేసేది తప్పుల నుంచి బయటపడే భాగాన్నే! నాకు ఒళ్లు మండేది అక్కడే.

మీ పేజీ తెరిచే మనిషి అప్పటికే రెండుమూడు రకాలుగా ప్రయత్నించి ఉంటారు. టెన్షన్‌లో ఉంటారు. ‘మా శక్తిమంతమైన ఇన్‌వాయిస్ మాడ్యూల్‌కు స్వాగతం’ అని మొదలుపెడితే ఆ మనిషి రెండో లైనుకు రారు. ‘పంపేసిన ఇన్‌వాయిస్‌లో తప్పు దిద్దడం ఎలా?’ అని శీర్షిక పెట్టి, మొదటి లైనులోనే ఏ మెనూ తెరవాలో చెప్పండి. ఏం రాయాలో ఊహించుకోనక్కర్లేదు. సపోర్ట్ టీమ్ దగ్గరికెళ్లి, మళ్లీ మళ్లీ వస్తున్న ఫిర్యాదులు ఏవో అడగండి. హెల్ప్‌లో జనం ఏ మాటలతో వెతుకుతున్నారో, వాటిలో ఫలితమేమీ రానివి ఏవో తీయించండి. ఆ జాబితా మీ డెవలపర్ల ముందు పెడితే నవ్వులు కాస్త తగ్గుతాయి.

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని. ఎర్రర్ మెసేజ్‌లు కూడా నన్నే రాయమంటున్నారు. ఎలా రాయాలి?

జవాబు: హెల్ప్‌లో జనం ఎక్కువగా చదివేది ఈ మెసేజ్‌లే. కాబట్టి మీరూ మా కులంలో చేరినట్టే అనుకోండి. యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువుగా ఉందన్నది) నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో చెప్పిన పది సూత్రాల్లో తొమ్మిదోది ఎర్రర్ మెసేజ్‌ల గురించి, పదోది హెల్ప్ గురించి. ఆ వరస నాకు నచ్చుతుంది. మెసేజ్ బాగుంటే చాలాసార్లు హెల్ప్ దాకా వెళ్లే పనే ఉండదు.

‘చెల్లని ఇన్‌పుట్’ అని ఊరుకుంటే ఎవరికేం తెలుస్తుంది? ఫారంలో పన్నెండు గళ్లున్నాయి, తప్పు ఏ గడిలో ఉన్నట్టు? ‘పుట్టిన తేదీని రోజు-నెల-సంవత్సరం వరసలో రాయండి. ఉదాహరణకు 05-09-1984’ అని ఆ గడి కిందే చూపించండి. ‘అప్‌లోడ్ విఫలమైంది’ బదులు ‘ఫోటో 8 ఎంబీ ఉంది. 5 ఎంబీ లోపు ఉన్నది ఎంచుకోండి’ అనండి. ఏం జరిగిందో, ఇప్పుడేం చేయాలో తెలిస్తే చాలు. ఎర్రర్ కోడ్ ఉంటే చివర్లో చిన్నగా పెట్టండి, సపోర్ట్‌వాళ్లకు పనికొస్తుంది. ‘అయ్యో! ఏదో తేడా కొట్టింది’ లాంటి ముద్దుమాటలు మాత్రం వద్దు, డబ్బు బదిలీ ఆగిపోయినవాళ్లకు అవి వెక్కిరింతల్లా ఉంటాయి. ఇంకొకటి, ఇది రాతకు సంబంధించింది కాకపోయినా చెప్తాను: ఎర్రర్ వచ్చినప్పుడు అప్పటిదాకా టైప్ చేసిందంతా చెరిపేయకండి. అలా చెరిగిపోయాక ఎంత మంచి వాక్యం రాసినా కోపం చల్లారదు.

ప్రశ్న: ఓ సాఫ్ట్‌వేర్ హెల్ప్‌లో చెప్పినట్టే పాత ఖాతా డిలీట్ చేశాను. ఆ తర్వాతి లైనులో ‘డిలీట్ చేసేముందు బ్యాకప్ తీసుకోవాలి’ అని ఉంది. తప్పు నాదేనా?

జవాబు: మీది కాదండీ, రాసినవాళ్లది. జనం ఒక లైను చదివి ఒక పని చేస్తారు. అందుకే హెచ్చరికైనా, షరతైనా పనికంటే ముందే రావాలి. ‘సేవ్ నొక్కండి, ఫైల్ కొత్తదైతే’ అని రాసినా ఇదే గొడవ. ‘ఫైల్ కొత్తదైతే’ అన్నది ముందుకు రావాలి. సపోర్ట్‌కు ఈరోజే రాయండి. కొన్ని సంస్థలు డిలీట్ చేసిన డేటాను కొద్దిరోజులు దాచి ఉంచుతాయి.

ప్రశ్న: మా మేనేజర్ యూజర్ గైడ్‌లో సాఫ్ట్‌వేర్ లోపాలేవీ రాయొద్దంటున్నారు. పరువు పోతుందట.

జవాబు: యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వచ్చింది. ఆ సిస్టమ్‌ను రూపొందించిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలే దాన్ని తయారు చేశారు. అందులో కమాండ్ల వివరణల కింద ‘బగ్స్’ అని ఒక విభాగం పెట్టి, ఏది సరిగా పనిచేయదో వాళ్లే రాసేశారు. యునిక్స్ పరువేమీ పోలేదు. మీ మేనేజర్‌కి ఆ మాట చెప్పినా వినకపోతే ఖర్చు లెక్క చెప్పండి: ‘ఈ రిపోర్ట్‌లో పదివేల వరసలు దాటితే ఎక్స్‌పోర్ట్ ఆగిపోతుంది, నెలవారీగా విడగొట్టి తీసుకోండి’ అన్న ఒక్క లైను లేకపోవడం వల్ల సపోర్ట్‌కు ఎన్ని కాల్స్ వస్తున్నాయో చూపించండి. ‘లోపాలు’ అని కాకుండా ‘పరిమితులు’ అని శీర్షిక పెడతానంటే ఒప్పుకునే మేనేజర్లే ఎక్కువ.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ చాట్‌బాట్ అన్నీ చెప్పేస్తోంది. ఇక మీ ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: కొన్ని పోతాయి, దాచడమెందుకు. బటన్ పేరు చూసి ‘ఈ బటన్ నొక్కితే సేవ్ అవుతుంది’ అని రాసే పని మనిషి చేయనక్కర్లేదు. కానీ కంపెనీ పెట్టే చాట్‌బాట్ సాధారణంగా మేం రాసిన పేజీల్లోంచే జవాబు ఏరుకుంటుంది. పాత వెర్షన్ పేజీ తీసేయకపోతే, లేని మెనూ ఉందని ధీమాగా చెప్పేస్తుంది. పైగా పేజీలో ఒక ముక్క మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ‘పైన చెప్పినట్టు’ అని రాస్తే ఆ పైనదేదో దానికి అందకపోవచ్చు. ఏ వెర్షన్, ఎవరికి అనుమతి ఉంటుంది, ముందు ఏం సిద్ధం చేసుకోవాలి అన్నవి ప్రతి పేజీలోనూ ఉండాల్సిందే.

సాయం చేస్తానంటూ తెరమీదికి దూకిన మొదటి బొమ్మ కూడా ఇదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో పేపర్ క్లిప్ బొమ్మ గుర్తుందా? ఉత్తరం మొదలుపెట్టగానే ‘ఉత్తరం రాస్తున్నట్టున్నారే’ అని పలకరించేది. అడగకుండా వచ్చే సాయం జనానికి ఎంత విసుగు తెప్పించిందంటే, 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని ముందే ఆఫ్ చేసి ఇచ్చారు. ఇప్పటి చాట్‌బాట్‌లు దానికంటే చాలా తెలివైనవే. కానీ పనిలో ఉండగా మీదికి రావడంలో కొన్ని దానికేమీ తీసిపోవు.

ప్రశ్న: ప్రతి స్టెప్‌కూ స్క్రీన్‌షాట్ పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. తెర మారినప్పుడల్లా అన్నీ మళ్లీ తీయాలి, తీయరు. వెతికితేగాని దొరకని చోటుకే పెట్టండి, అదీ ఆ ముక్క వరకే కత్తిరించి. ‘కుడివైపు ఎర్ర బటన్’ అనకుండా బటన్ పేరు రాయండి. తెరమీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు రంగు తెలియదు, ఫోన్‌లో చూసేవాళ్లకు అది కుడివైపు ఉండకపోవచ్చు.