సందేహాలు – సమాధానాలు: అనుకూలనానికి ఒడ్డెక్కడ?

సందేహం: "వాతావరణ మార్పులకు అనుకూలంగా పేద దేశాలకు నిధులు" అని ఒక వార్తకు శీర్షిక పెట్టారు. మార్పులకు అనుకూలంగా అంటే, ఆ మార్పులు రావాలని కోరి ఇచ్చే డబ్బు అనే కదా అర్థం? లోపల చదివితే మార్పుల దెబ్బ కాచుకోవడానికి ఇచ్చే నిధులట. ఇదే విషయాన్ని ఒకచోట అనుకూలనం అని, ఇంకోచోట అనుసరణ అని, మరోచోట సర్దుబాటు అని రాస్తున్నారు. ఏది సరైనది? అప్పుగా ఇచ్చినదాన్ని కూడా సాయం అనే రాస్తున్నారు, అలా అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అనుమానం సబబే. ఆ శీర్షిక తప్పు. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది అంటే మావైపు వచ్చిందని. మార్పులకు అనుకూలంగా అంటే మార్పుల వైపు అనే అర్థం వస్తుంది. 'కు' పక్కన 'అనుకూలంగా' చేరితే తెలుగువాడి చెవికి తట్టేది అదే. అచ్చుకు పంపేముందు ఒక్కసారి పైకి చదువుకుంటే తెలిసిపోయే తప్పు ఇది. ఈమధ్య పైకి చదివే అలవాటే పోయింది.

ఇక మీరు రాసిన మూడు మాటలూ ఇంగ్లీషు 'అడాప్టేషన్'కు తెలుగులే. వాటిలో అనుసరణను ముందే పక్కన పెట్టవచ్చు. అనుసరణ అంటే వెనకాల నడవడం. ఒక నాటకాన్ని చూసి ఇంకో నాటకం రాస్తే దాన్ని అనుసరణ అంటాం, అక్కడికది చాలు. ఉప్పొంగే సముద్రం వెనకాల ఎవరూ నడవరు. సర్దుబాటు నాకు అసలు నచ్చదు. 'సర్దుకుపో' అనే మాట ఎప్పుడూ బలం ఉన్నవాడు లేనివాడితో అనేదే. పైగా మనకు 'డబ్బు సర్దుబాటు' అంటే నాలుగు రోజులకు అందే చేబదులు. 'సర్దుబాటు నిధులు' అని రాస్తే ఈ రెండు అర్థాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

మిగిలింది అనుకూలనం. దీన్ని కొంచెం తీరిగ్గా చూడాలి.

ఇందులో ఉన్న మాట కూలం. 'కూలం రోధశ్చ తీరం చ' అని సంస్కృత నిఘంటువు అమరకోశం. కూలం అంటే ఒడ్డు. అనుకూలం అంటే ఒడ్డు వెంబడి, ఒడ్డు వాలును పట్టుకుని. ప్రతికూలం అంటే ఒడ్డుకు ఎదురు. పడవ ఒడ్డు వాలున పోతుంటే తెడ్డు వేసేవాడి చేతులకు శ్రమ తెలియదు, ఎదురు తిరిగితే ప్రతి గజానికీ తెలుస్తుంది. ఆ హాయి నుంచే 'మనకు మేలైనది' అనే అర్థం, ఆ కష్టం నుంచే 'మనకు చెడ్డది' అనే అర్థం పుట్టాయి.

ఈ కూలం నుంచే ఇంకో మాట వచ్చింది, మనం రోజూ వాడి పాడు చేస్తున్న మాట: కూలంకషం. కూలాన్ని కషించేది, అంటే ఒడ్డును ఒరుసుకుంటూ పారేది, నిండు నది. శాకుంతలంలో తనను గుర్తుపట్టమన్న శకుంతలను దుష్యంతుడు ఇలాంటి నదితోనే పోలుస్తాడు. అది తేటనీటిని బురద చేసుకుంటుంది, గట్టుమీది చెట్టును పడగొడుతుంది. రెండు ఒడ్లూ తాకేలా సాగిందని చెప్పడానికే 'కూలంకషంగా చర్చించారు' అనే ప్రయోగం వచ్చింది. ఏటా వాతావరణ సదస్సు ముగిసిన మర్నాడు 'నిధులపై కూలంకషంగా చర్చ' అని రాస్తారు. 2021లో గ్లాస్గో సదస్సులో, 2019 నాటి అనుకూలన నిధుల్ని 2025కల్లా రెట్టింపు చేయాలని ధనిక దేశాలను కోరారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం అభివృద్ధి చెందుతున్న దేశాలన్నిటికీ కలిపి ఇందుకోసం ఇతర దేశాల నుంచి వచ్చిన ప్రభుత్వ ధనం 2022లో 2,800 కోట్ల డాలర్లు, 2023లో 2,600 కోట్లు. అంటే తగ్గింది. 2035 నాటికి కావలసింది ఏటా 31,000 నుంచి 36,500 కోట్లని అదే నివేదిక చెబుతుంది. 2025లో బ్రెజిల్‌లోని బెలేమ్ సదస్సులో, ఈ నిధుల్ని 2035కల్లా మూడింతలు చేసేందుకు కృషి జరగాలని పిలుపునిచ్చారు. కావలసినది ఒక ఒడ్డున, వచ్చేది ఇంకో ఒడ్డున ఉన్నాయి. రెండింటినీ తాకని చర్చను కూలంకషం అనకండి. 'సుదీర్ఘంగా' అనండి చాలు.

మళ్ళీ అనుకూలనానికి వస్తాను. ఈ మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది, మనం దాని వెంట ఒదిగి నడిస్తే చాలు అని. బంగ్లాదేశ్‌లో జమున నది ఏటా ఒడ్లను కోసేస్తుంది. నది మధ్య లేచే ఇసుక దీవుల్ని అక్కడ 'చర్' అంటారు. వాటిమీద ఉండేవాళ్ళు వరద మట్టానికి పైకి మట్టి దిబ్బ పోసి, దానిమీద రేకుల ఇల్లు కట్టుకుంటారు. నది దగ్గరికి వచ్చేసిందంటే రేకులు విప్పి, గుంజలు పీకి, పడవలో వేసుకుని ఇంకో చర్‌కు పోతారు. ఆ ఇంటివాళ్ళు ఏ కూలాన్ని అనుసరించాలి?

పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం టువాలు చూడండి. ప్రపంచంలో అతి తక్కువ అభివృద్ధి చెందినవని ఐక్యరాజ్యసమితి గుర్తించిన దేశాల్లో అదొకటి. అక్కడ ఫునాఫుటి దీవిలో ఇసుక తోడి పోసి, 780 మీటర్ల పొడవున, 100 మీటర్ల వెడల్పున కొత్త నేల తయారుచేశారు. 2023 చివరికి ఆ పని పూర్తయింది. అది భాగంగా ఉన్న తీర రక్షణ పథకానికి ఇలాంటి పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ హరిత వాతావరణ నిధి (గ్రీన్ క్లైమేట్ ఫండ్) 3.6 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బు ఒడ్డు వెంట నడవడానికి కాదు, ఒడ్డును కట్టడానికి ఖర్చయింది. భూటాన్‌లో ఇంకో రకం. మంచుకొండల్లో థోర్‌థోర్మి సరస్సు గట్టు తెగితే కింద లోయ కొట్టుకుపోతుంది. ఆ దేశం అప్పట్లో ఈ జాబితాలోనే ఉండేది. ఇలాంటి దేశాల కోసమే 2001లో ఏర్పాటు చేసిన నిధి నుంచి డబ్బు వచ్చింది. మనుషులు రోజుల తరబడి నడిచి కొండెక్కారు. గడ్డకట్టే నీళ్ళలో నిలబడి, చేతులతో రాళ్ళు తీసి కాలువ లోతు చేశారు. సరస్సు మట్టం సుమారు 5 మీటర్లు తగ్గింది. ఆ పనికి పరిభాషలో పేరు అనుకూలనం. నీళ్ళలో నిలబడినవాళ్ళకు అందులో అనుకూలం ఏమీ లేదు.

అందుకని అనుకూలనాన్ని కొట్టిపారేస్తానని కాదు. ఒప్పందాల అనువాదాల్లో, పాఠ్యపుస్తకాల్లో అది కుదురుకుంది, ఉండనివ్వండి. కానీ వార్తలో మాత్రం మొదటిసారి వచ్చినచోట విప్పి చెప్పాలి. అందుకు మంచి మాట మీ ఉత్తరంలోనే ఉంది: దెబ్బ కాచుకోవడం. కాపు, కాపలా, కాపాడటం అన్నీ ఆ ఇంటివే. 'వాతావరణ మార్పుల దెబ్బ కాచుకునేందుకు పేద దేశాలకు నిధులు' అని రాస్తే చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. చిక్కు లేకపోలేదు. కాచుకోవడానికి పొంచి ఉండటం అనే అర్థం కూడా ఉంది. పైగా ఉప్పునీటికి ఓర్చే వరి వెయ్యడం లాంటి పనులు దానిలో సరిగ్గా ఇమడవు. అలాంటిచోట 'తట్టుకోవడం' మేలు. రెండిట్లో ఏదో ఒకటే వాడాలని నేను పట్టుబట్టను.

మీ చివరి ప్రశ్న. సాయం అంటే సహాయం. సహ, అయ, కలిసి వెళ్ళడం. సంస్కృతంలో సహాయుడంటే మొదట తోడు నడిచేవాడు, ఆ తర్వాతే చేసే మేలు. మన తోడ్పాటు కూడా అచ్చంగా అలాంటిదే. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో బెయిరా నగరాన్ని ధ్వంసం చేసింది. మరుసటి నెలలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ దేశానికి సుమారు 11.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. వడ్డీ లేదు, కానీ అది అప్పు. ఆపదలో వెంటనే చేతికందింది కాబట్టి సాయమే అనేవారున్నారు, వారిని పూర్తిగా కాదనలేను. అయినా తిరిగి కట్టవలసిన డబ్బును వార్తలో అప్పు అనే రాయాలి. తిరిగి కట్టనక్కరలేనిదాన్ని గ్రాంటు అనండి, ఆ మాట అందరికీ తెలుసు. రెండూ కలిపి ఇస్తే ఎంత అప్పో, ఎంత గ్రాంటో విడివిడిగా రాయండి. ఆ అంకెలు దొరక్కపోతే సాయం అనకుండా 'నిధులు' అని ఊరుకోండి.