దాడి జరిగిన రాత్రి డెస్కులో ఉండే అమ్మాయికి

హైదరాబాద్

చి. అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. చానల్లో వార్తలను తెర మీదికి పంపే అవుట్‌పుట్ డెస్కుకు మారావని, ఇక అన్నీ నైట్ షిఫ్టులేనని రాశావు. ఆరోగ్యం చూసుకో. దాంతోపాటు ఇంకో మాట అడిగావు: "ఎక్కడైనా బాంబు పేలితే జనం ముందు మా చానలే పెడతారు. చూస్తూనే తిడతారు. మేం చెప్పింది ఒక్కరూ నమ్మరు. ఇందులో నాలాంటిది చెయ్యగలిగేది ఏముంది పెదనాన్నా?" అని.

ఉంది. నాకు అర్థమైనంతవరకు జనం ఆ రాత్రి దొర్లిన పొరపాట్లకు మనల్ని పెద్దగా తప్పుపట్టరు. కంగారులో అలాగే జరుగుతుందని వాళ్లకీ తెలుసు. గొంతు చించుకుని చెప్పిన సంగతి తర్వాత ఏమైందో మనం మళ్లీ చెప్పకపోవడాన్ని మాత్రం వాళ్లు క్షమించరు. నేను రాసేదంతా దీని చుట్టే తిరుగుతుంది.

మన ఊరి సంగతే తీసుకో. 2007 మే 18, శుక్రవారం. జుమ్మా నమాజు వేళ మక్కా మసీదులో వజూఖానా (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు) దగ్గర బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. తర్వాత బయట చెలరేగిన గొడవలో పోలీసు కాల్పులకు ఇంకో ఐదుగురు బలయ్యారు. వెంటనే హుజీ అనే ఉగ్రవాద సంస్థ పేరు బయటికొచ్చింది. పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వాళ్లను చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణల మీద మైనారిటీ కమిషన్ తరఫున ఒక న్యాయవాది విచారించి నివేదిక ఇచ్చారు. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది, ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది.

పేలుడు కేసు ఈలోగా సీబీఐకి వెళ్లింది. 2010లో కథ మొత్తం తిరగబడి, హిందూ అతివాద బృందానికి చెందినవాళ్లంటూ కొందరిని అరెస్టు చేశారు. వాళ్లలో ఒకడైన స్వామి అసీమానంద నేరం ఒప్పుకుంటూ మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం దేశమంతా మోగింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు. 2011లో కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికి వెళ్లింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు ఆయనతో సహా ఐదుగురినీ నిర్దోషులని తేల్చింది. తీర్పు చెప్పిన జడ్జి ఆ రోజే రాజీనామా చేశారు.

ఒకటే కేసు. మూడు దర్యాప్తు సంస్థలు, ఒకదానికొకటి పొసగని రెండు కథలు. మొదటి కథ నమ్మినవాడికీ ఏమీ మిగల్లేదు, రెండో కథ నమ్మినవాడికీ ఏమీ మిగల్లేదు. నమాజుకని ఇంట్లోంచి వెళ్లి తిరిగిరాని ఆ తొమ్మిది మంది కుటుంబాలకైతే చేసింది ఫలానావాళ్లని చెప్పిన తీర్పే లేదు. అప్పటి పేపర్లు తీసి చూడు, రెండు కథలూ రాసిన పద్ధతి ఒక్కటే. మొదటి పేరాలో "పోలీసు వర్గాలు తెలిపాయి" అని ఉంటుంది. మూడో పేరాకు వచ్చేసరికి ఆ మాట రాలిపోయి, పోలీసులు చెప్పింది మనం కళ్లారా చూసినదైపోతుంది. మీ టీవీలో మూడో పేరా దాకా కూడా అక్కర్లేదు. స్క్రోలింగులో చోటు చాలదని మొదట కత్తెర పడేదే "పోలీసుల అనుమానం" అన్న రెండు మాటలకు. అమ్మలూ, ఆ రెండు మాటలూ తియ్యనివ్వకు. కావాలంటే "ఘోరం", "దారుణం" తీసెయ్యి, బోలెడంత చోటు మిగులుతుంది.

అదే ఏడాది ఆగస్టు 25, శనివారం రాత్రి లుంబినీ పార్కు లేజర్ షోలో ఒకటి, కోఠీ గోకుల్ చాట్‌లో ఒకటి పేలాయి. 42 మంది చనిపోయారు. మహారాష్ట్ర నుంచి యాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ రాత్రి కూడా మళ్లీ హుజీ పేరే. చివరికి 2018 సెప్టెంబరులో శిక్ష పడింది ఇండియన్ ముజాహిదీన్ అనే ఇంకో ఉగ్రవాద సంస్థ వాళ్లకు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లప్పుడు మొదటి రాత్రే ఇండియన్ ముజాహిదీన్ అన్నారు, అది నిజమే అయింది. 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025లో హైకోర్టు ఖాయం చేసింది. పోలీసుల ఊహలన్నీ తప్పని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఊహ ఒకసారి తగులుతుంది, ఒకసారి తప్పుతుంది, ఏది ఏదో ఆ రాత్రి ఎవరికీ తెలీదు. ఊహను ఊహగానే చెప్పిన చానలు తర్వాత తలదించుకోవాల్సిన పని ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్ క్షతగాత్రుల్లో మక్కా మసీదు పేలుడులోనూ గాయపడిన ఒక కుర్రాడు ఉన్నాడు. రెండుసార్లు బాంబు బారిన పడి బతికినవాడు. అది తెలియగానే అతని మీదే అనుమానపు వార్తలు వచ్చాయి. ఒంట్లో ఇనుప ముక్కలతో ఆస్పత్రి మంచం మీద పడుకున్నవాడు, బయట తన గురించి ఏం నడుస్తోందో అతనికేం తెలుసు? అతను బాధితుడే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. ఎవరి పేరైనా, ఫొటో అయినా తెర మీదికి వెళ్లే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఇతను ఏ పాపమూ ఎరగనివాడని రేపు తేలితే, ఈ ఫొటో వేసినందుకు నేను వాళ్లమ్మకు ఏం జవాబు చెప్తాను?

మృతుల లెక్క గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎవరూ నేర్పరు కాబట్టి. పేలుడు జరిగిన చోటి నుంచి మనుషుల్ని ఆటోల్లో, జీపుల్లో, అంబులెన్సుల్లో చేతికందిన ఆస్పత్రికి తరలిస్తారు. ఒకాయన ముందు దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టర్లో ఎక్కుతాడు. అక్కడ కుదరక ఉస్మానియాకు పంపితే అక్కడా ఎక్కుతాడు. ప్రాణం పోతే మార్చురీలో మూడోసారి ఎక్కుతాడు. ముగ్గురు రిపోర్టర్లు మూడు చోట్ల నుంచి ఫోన్ చేస్తారు. ముగ్గురూ నిజమే చెప్తారు, నువ్వు కూడితే అబద్ధమవుతుంది. అందుకే కూడకు. ఆస్పత్రి పేరు, టైము, చెప్పింది ఎవరు, ఈ మూడూ కాగితం మీద గడులు గీసి రాసుకో. తెర మీద "రాత్రి 9 గంటలకు పోలీసులు చెప్పిన ప్రకారం" అని వెయ్యి. పక్క చానల్లో నీకన్నా పది ఎక్కువ కనపడుతుంది. కనపడనీ. చావుల లెక్కలో ముందుండి మనం సాధించేదేమీ లేదు. పెరిగిన సంఖ్యను జనం అర్థం చేసుకుంటారు, తగ్గిన సంఖ్యను మాత్రం "దాచిపెడుతున్నారు" అనుకుంటారు. పుకారు అక్కడే పుడుతుంది.

లైవ్ సంగతి నీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు. 2008 నవంబరు ముంబయి దాడుల్లో నరిమన్ హౌస్ మీదికి కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగడం దేశమంతా చూసింది, పాకిస్తాన్‌లో కూచుని ఫోన్లో టెర్రరిస్టులను నడిపిస్తున్నవాళ్లు కూడా టీవీలు చూస్తూనే ఉన్నారు. 2012లో ఆ దాడుల్లో ప్రాణాలతో దొరికిన టెర్రరిస్టు కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చానళ్లను గట్టిగా తప్పుపట్టింది. ఇప్పుడు కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం అలాంటి ఆపరేషన్ ముగిసేదాకా అధికారి చెప్పిందే వెయ్యాలి, లైవ్ కూడదు. ఇందులో బేరం లేదు.

ఇక ఇళ్ల సంగతి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో 26 మందిని కాల్చి చంపినప్పుడు మన కావలికీ, విశాఖకీ కూడా శవపేటికలు వచ్చాయి. జాబితాలో మన జిల్లా పేరు కనపడగానే డెస్కు నుంచి ఆ ఊళ్లోని స్ట్రింగరుకు (మన స్థానిక విలేకరికి) ఫోన్ వెళ్తుంది: "ఇల్లు పట్టుకో, బైట్ తీసుకో, కెమెరా ముందు మాట్లాడించు." ఆ ఇంట్లో ముసలి తల్లికి ఇంకా చెప్పి ఉండరు. గుండె జబ్బు మనిషని, బంధువులొచ్చాక చెబుదామని ఆగి ఉంటారు. మైకు పట్టుకుని మనవాడు గుమ్మంలోకి వెళ్తే ఆమెకు కొడుకు పోయిన సంగతి మన ద్వారా తెలుస్తుంది. ఫోన్ చేసేది నువ్వే అయితే ఇలా చెప్పు: ముందు ఇంటి పక్కవాళ్లనో, మండలాఫీసులోనో అడుగు, ఇంట్లోవాళ్లకు తెలుసని రూఢి అయ్యాకే గుమ్మం తొక్కు, వాళ్లు వద్దంటే వెనక్కి రా. వెనక్కి వచ్చిన కుర్రాణ్ని ఎవరైనా తిడితే నీ పేరు చెప్పమను.

అప్పుడే ఇంకొకటి జరిగింది. చనిపోయిన నౌకాదళ అధికారి, ఆయన భార్యల చివరి వీడియో అంటూ ఒక జంట డాన్సు చేస్తున్నది తిరిగింది. చానళ్లూ వేశాయి. ఆ వీడియోలోని జంట వేరు, "మేం బతికే ఉన్నాం" అని వాళ్లే బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. కొద్ది రోజులకు ఆ అధికారి భార్య, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు, మాకు న్యాయం కావాలి అంటే ఆమెనే నానా మాటలన్నారు. జాతీయ మహిళా కమిషన్ ఖండించాల్సినంతగా. అదే పహల్గాంలో యాత్రికులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న స్థానిక గుర్రంవాడు ఉన్నాడు. శ్రీనగర్‌లో పలు పత్రికలు మర్నాడు మొదటి పేజీ నల్లగా అచ్చేశాయి. ఇవీ వార్తలే. భయంలో ఉన్న జనానికి ఇవి చెప్పడం కూడా మన పనే, అమ్మలూ. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పేవాళ్లకు ఆ రాత్రి కొదవుండదు.

ఆ తర్వాత మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ నడిచిన రాత్రుల గురించి నీకే బాగా తెలుసు. కరాచీ రేవు తగలబడిపోయిందని, ఇస్లామాబాద్ మన చేతికి వచ్చేసిందని పెద్ద పెద్ద చానళ్లే చెప్పాయి. వీడియో గేముల దృశ్యాలు యుద్ధంగా నడిచాయి. పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగి గుండుకు చనిపోయిన ఒక మదర్సా ఉపాధ్యాయుణ్ని కొన్ని చానళ్లు టెర్రరిస్టని చూపిస్తే, కాదని అక్కడి పోలీసులు ప్రకటన ఇచ్చారు. ఆ వారంలోనే శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద పడ్డారు కొందరు. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన హిందూ కుటుంబం 1953లో మన ఊళ్లో పెట్టుకున్న బేకరీ అది. హైదరాబాదీలకు ఈ సంగతి చెప్పడానికి ఒక్క గ్రాఫిక్ ప్లేటు చాలు. పదే పదే వెయ్యాల్సింది అలాంటిది.

"పక్క చానళ్లన్నీ వేస్తుంటే నేనొక్కదాన్ని ఎలా ఆపను" అంటావని తెలుసు. డెస్కు ఇన్‌చార్జితో "వద్దు సార్" అనకు, ఆ గంటలో ఆ మాట ఎవరికీ వినపడదు. "ఇది ఎవరు చెప్పారని వేద్దాం సార్?" అని అడుగు. రన్‌డౌన్‌లో, అంటే బులెటిన్ వార్తల వరుస జాబితాలో, ప్రతి ఐటమ్ పక్కన ఒక గడి పెట్టి, చెప్పినవాళ్ల పేరో హోదానో రాయడం నీకు నువ్వుగా మొదలుపెట్టు. గడి ఖాళీగా కనపడితే చాలాసార్లు ఆయనే తీసేస్తాడు. తియ్యకపోతే "ఇంకా ధ్రువీకరణ కాలేదు" అని అదే అక్షరాల సైజులో వేయించు. పైన కొండంత బ్రేకింగ్ పెట్టి, అడుగున కనపడని అక్షరాల్లో ఆ మాట పెడితే లాభం లేదు. పొరపాటు వెళ్లిపోతే దిద్దుబాటు కూడా వెళ్లిన చోటే, వెళ్లినంత పెద్దగా వెళ్లాలి. ఫుల్ స్క్రీన్ మీద చెప్పినదాన్ని తెల్లవారుజామున స్క్రోలింగులో దిద్దితే ఎవరు చూస్తారు?

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దలు. ఆ నిలకడ వచ్చేసరికి మన డెస్కుల్లో ఎవరూ ఉండరు, అసలు చిక్కు అది. అరెస్టు రోజు మొదటి పేజీ, విడుదల రోజు తొమ్మిదో పేజీలో సింగిల్ కాలమ్. పాతబస్తీలో ఆ కుర్రాళ్ల వీధిలోవాళ్లకు మొదటిది గుర్తుండిపోయింది, రెండోది కంటపడలేదు. ఉద్యోగం, పెళ్లి, అద్దె ఇల్లు అన్నీ ఆ మొదటి పేజీ మీదే ఆగిపోయాయి. ఇటు బాంబుకు కాలో చెయ్యో పోయినవాళ్లు కూడా అంతే. పరిహారం అందిందా, ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టారు, ఎక్స్‌గ్రేషియా చెక్కు చెల్లిందా అని వర్ధంతి రోజున తప్ప అడిగే దిక్కు లేదు.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకో. మీ చానల్ పెద్దగా నడిపిన ప్రతి దాడి కేసుకూ ఒక పేజీ. ఎఫ్ఐఆర్ నంబరు, ఏ స్టేషను, అరెస్టయినవాళ్లు ఎందరు, ఛార్జిషీటు ఎప్పుడు వేశారు, కేసు ఏ కోర్టులో ఉంది, వాయిదా ఎప్పుడు. గాయపడినవాళ్లలో ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు కూడా రాసుకో, కెమెరా లేకుండా అప్పుడప్పుడు పలకరించు. తీర్పు వచ్చే రోజు, వార్తలు సేకరించే ఇన్‌పుట్ డెస్కుకు తెలియకపోయినా నీకు తెలియాలి. ఆ రోజు ఎంత పెద్ద సినిమా ఫంక్షన్ ఉన్నా సరే, అరెస్టు వార్త నడిచినంత సేపూ ఆ తీర్పు నడవాలని పట్టుబట్టు. మొదట్లో విసుక్కుంటారు. నువ్వు వదలకపోతే, "ఆ కేసు ఏమైంది, ఆ అమ్మాయిని అడుగు" అనే రోజు వస్తుంది.

నాంపల్లి కోర్టుల బీటు చాలాకాలం చూసిన మిత్రుడు ఒకాయన ఇప్పుడు మా పక్క వీధిలోనే ఉంటున్నాడు. ఛార్జిషీటు ఎలా చదవాలో, రిమాండ్ రిపోర్టులో ఉన్నదీ తీర్పులో మిగిలేదీ ఎలా పోల్చి చూసుకోవాలో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. నీకు వారాంతపు సెలవు ఎప్పుడో రాయి, ఆయనకు చెప్పి ఉంచుతాను. వచ్చేటప్పుడు నోటుబుక్కు తెచ్చుకో. మొదటి పేజీలో దిల్‌సుఖ్‌నగర్ కేసు రాసుకుందాం, హైకోర్టు తీర్పు తర్వాత అది ఎక్కడుందో ఆయన్నే అడుగుదాం.

ఇట్లు
మీ పెదనాన్న